పోస్టల్ సమ్మె వస్తే పార్సిల్ ఎక్కడ ఆగుతుంది, ఇంటి నుంచి చీరలు పంపేవాళ్లు ఏం చేయాలి

మక్తల్ నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో నుంచే వాట్సాప్‌లో నారాయణపేట చీరలు, కొంచెం పచ్చళ్లు అమ్ముతోందట, పార్సిళ్లన్నీ పోస్టులోనే పంపుతుందట. పోస్టల్ వాళ్లు సమ్మె నోటీసు ఇచ్చారని విని టెన్షన్ పడుతోంది. ఆర్డర్లు ఆపేయాలా, కొరియర్‌కు మారాలా, ముందే డబ్బులు కట్టినవాళ్లకు ఏం చెప్పాలి, పెళ్లికి చీరలు కావాలన్న ఇద్దరికి డబ్బులు వాపస్ ఇచ్చేయాలా అని అడిగింది. నేను మహబూబ్‌నగర్ వైపు నుంచి చాలా ఏళ్లుగా చేనేత చీరలు పోస్టులో పంపుతున్నాను, పెద్ద సమ్మెలు, చిన్న సమ్మెలు రెండూ చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

సమ్మె అనగానే అందరూ ఎన్ని రోజులు అని అడుగుతారు. నేనైతే ఎవరు చేస్తున్నారో ముందు కనుక్కుంటాను, ఎందుకంటే మీ పార్సిల్ ఎక్కడ ఆగుతుందనేది దాని మీదే ఉంటుంది. పోస్టాఫీసు అంటే మనకు ఒకటే గానీ లోపల రెండు రకాల వాళ్లు ఉన్నారు. ఊళ్లలో బ్రాంచి పోస్టాఫీసు నడిపే బీపీఎం, ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు ఇచ్చే ఏబీపీఎం, వీళ్లు గ్రామీణ డాక్ సేవకులు, వీళ్ల యూనియన్లు వేరు, డిమాండ్లు వేరు. పట్నంలో కౌంటర్ మీద కూర్చునేవాళ్లు, పట్నం పోస్ట్‌మ్యాన్లు, హైదరాబాద్‌లో సార్టింగ్ చేసే ఆర్ఎంఎస్ వాళ్లు, వీళ్లు డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు.

గ్రామీణ డాక్ సేవకులు మాత్రమే సమ్మెలోకి పోతే ఏమవుతుందో చూడండి. నారాయణపేట పోస్టాఫీసులో కౌంటర్ తెరిచే ఉంటుంది, మీ పార్సిల్ తీసుకుంటారు, రసీదు ఇస్తారు, బ్యాగులో పడుతుంది, హైదరాబాద్ వెళ్తుంది, అక్కడి నుంచి బెంగళూరో పుణేనో వెళ్లి అక్కడి పట్నం పోస్ట్‌మ్యాన్ చేతుల మీదుగా మామూలుగా ఇంటికి చేరిపోతుంది. అదే పార్సిల్ దేవరకొండ దగ్గర ఒక తండాకో, అచ్చంపేట దాటాక ఒక ఊరికో పంపితే మండల కేంద్రం దాకా వచ్చి ఆగిపోతుంది, అక్కడి నుంచి ఊరికి మోసేవాళ్లు లేరు కాబట్టి. అంటే పట్నం కస్టమర్లకు పెద్దగా తేడా తెలియదు, ఊళ్లలో ఉన్నవాళ్లకే దెబ్బ. దేశంలో ఉన్న పోస్టాఫీసులు లక్షన్నర దాటితే వాటిలో దాదాపు 90 శాతం పల్లెల్లోనే ఉన్నాయి, ఆ లెక్కన ఎంతమందికి ఇబ్బందో అర్థం చేసుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా కలిస్తే కథ వేరు. కౌంటరే తెరవరు, తెరిచినా బ్యాగులు కదలవు. ఆ ముందురోజు బుక్ చేసిన పార్సిల్ సార్టింగ్‌లో ఎక్కడో మధ్యలో ఇరుక్కుంటుంది. ఇది ఎక్కువగా ఒకటి రెండు రోజుల సమ్మెల్లో జరుగుతుంది. 2022 మార్చి 28, 29 తేదీల్లో కేంద్ర కార్మిక సంఘాల్లో చాలావరకు కలిసి చేసిన సార్వత్రిక సమ్మె, అదే ఏడాది ఆగస్టు 10న ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా పోస్టల్ సంఘాలు చేసిన ఒకరోజు సమ్మె ఇలాంటివే. ఒకరోజు సమ్మె అయితే అంత భయపడే పని లేదు, రెండు మూడు రోజులు ఆలస్యం అని కస్టమర్‌కు చెప్పి పంపించేయవచ్చు. పక్కనే ఆదివారం గానీ పండుగ సెలవు గానీ ఉందేమో మాత్రం చూసుకోండి, అవన్నీ కలిస్తే వారం అవుతుంది.

నిజంగా నలిపేసేది నిరవధిక సమ్మె. 2018 మే 22న గ్రామీణ డాక్ సేవకులు దేశమంతా సమ్మెలోకి వెళ్లారు. కమలేశ్ చంద్ర కమిటీ 2016లోనే నివేదిక ఇచ్చింది, దాన్ని అమలు చేయమని అడిగీ అడిగీ విసిగిపోయి రోడ్డెక్కారు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం జీతాల పెంపుకు ఒప్పుకున్నాకే సమ్మె ముగిసింది, అంటే రెండు వారాల పైమాటే. అవి స్కూళ్లు, కాలేజీలు తెరిచే రోజులు. పెళ్లి పిలుపులు, ఇంటర్వ్యూ లెటర్లు, బ్యాంకు కార్డులు, మా చీరలు అన్నీ మండల పోస్టాఫీసుల్లో సంచుల్లో ఉండిపోయాయి. మళ్లీ 2023 డిసెంబరు 12న కూడా నిరవధిక సమ్మె మొదలైంది గానీ కొద్ది రోజులకే విరమించారు. కాబట్టి నిరవధికం అని రాశారంటే రెండు రోజులైనా కావచ్చు, రెండు వారాలైనా కావచ్చు, మీరు రెండు వారాలకే సిద్ధపడండి.

ఇక్కడ ఒక మాట. సమ్మె చేసేవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, కస్టమర్లతో మాట్లాడేటప్పుడు కూడా వాళ్లను తిట్టకండి. 2018లో అంత పోరాడాక కూడా రోజుకు నాలుగు గంటల పని లెక్కన బీపీఎంకు కనీసం 12,000, ఏబీపీఎంకు 10,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం, ఇదీ నిర్ణయించింది. వాళ్లను రెగ్యులర్ ఉద్యోగులుగా ఇప్పటికీ గుర్తించలేదు. ఎండాకాలంలో మన పాలమూరు ఊళ్లలో బండేసుకుని ఇల్లు వెతుక్కుంటూ పార్సిల్ ఇచ్చేది వాళ్లే, ముసలివాళ్లకు ఆసరా పింఛన్లు పంచేది కూడా వాళ్లే. సమ్మె వస్తే పింఛను కోసం ఎదురుచూసే అవ్వ కష్టం మన చీర కష్టం కంటే పెద్దది, ఆ బీపీఎంకు అది మనకంటే బాగా తెలుసు, తెలిసీ సమ్మెలోకి వెళ్లాడంటే గతిలేకనే. ఇంకొకటి, తెలిసిన పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు కదా అని సమ్మె రోజుల్లో ఆ ఒక్క పార్సిల్ తీసి ఇవ్వన్నా అని బతిమాలకండి. అటు యూనియన్ వాళ్ల ముందు, ఇటు ఆఫీసులో అతన్ని ఇరకాటంలో పెట్టినవాళ్లం అవుతాం.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ 14 రోజులే మనకున్న టైం. చాలామంది ఏం చేస్తారంటే నోటీసు వార్త చూసి, చివరికి చర్చలు జరిగి ఆగిపోతుందిలే అనుకుని చివరి రోజు దాకా బుక్ చేస్తూ పోతారు. చాలాసార్లు ఆగిపోతుంది కూడా, అది నిజమే. కానీ ఆగకపోతే ఆ చివరి రోజుల పార్సిళ్లే అన్నిటికంటే ఘోరంగా ఇరుక్కుంటాయి. ఇంట్లో ఉన్న చీరను బస్సులో వేయొచ్చు, మనిషితో పంపొచ్చు, కస్టమర్ వద్దంటే ఇంకొకరికి అమ్మొచ్చు. బ్యాగులో పడ్డ చీరను ఏమీ చేయలేం. అందుకని నేను సమ్మె తేదీకి వారం ముందే వేరే రాష్ట్రాల పార్సిళ్లు ఆపేస్తాను, మన రాష్ట్రం లోపలివి నాలుగు రోజుల ముందు ఆపేస్తాను. గ్రామీణ డాక్ సేవకుల సమ్మె ఒక్కటే అయితే పట్నం అడ్రస్‌లకు పంపుతూనే ఉంటాను, ఊళ్ల అడ్రస్‌లు మాత్రమే పక్కన పెడతాను. అడ్రస్‌లో చివర బీఓ (బ్రాంచి ఆఫీసు) అని ఉందా, ఎస్ఓ (సబ్ ఆఫీసు) అని ఉందా చూస్తే తెలిసిపోతుంది, తెలియకపోతే ఆన్‌లైన్‌లో పిన్‌కోడ్ కొట్టి చూడండి, ఆ పిన్ కింద ఏయే బ్రాంచి ఆఫీసులున్నాయో వస్తాయి.

పచ్చళ్లు మాత్రం నోటీసు వచ్చిన రోజు నుంచే పోస్టుకు ఇవ్వకండి. బ్యాగుల గుట్ట కింద పదిహేను రోజులు నలిగితే ఎంత గట్టి ప్యాకింగ్ అయినా నూనె కారుతుంది, మీ పచ్చడితో పాటు పక్కవాళ్ల చీర కూడా పోతుంది. సకినాలు, గారెలు ఇంకా నయం, విరిగిపోతాయి అంతే, కానీ రెండు వారాల తర్వాత వాసన వచ్చిన సకినాలు తిన్న కస్టమర్ మళ్లీ ఆర్డర్ పెట్టదు.

కొరియర్‌కు మారాలా అంటే, కొంతవరకే. సమ్మె వచ్చిన వారం మీలాంటి వాళ్లంతా ఒక్కసారే కొరియర్ దగ్గరికి పోతారు. రోజూ సరుకు ఇచ్చే పెద్ద వ్యాపారులకే వాళ్లు మొదట చూస్తారు, కొత్తగా వచ్చిన మీ నాలుగు చీరలు చివర్లో పడతాయి. నాకైతే ఒక కొరియర్‌లో పంపిన పార్సిల్ మండల కేంద్రానికి వచ్చి, అక్కడికి వచ్చి తీసుకోమని కస్టమర్‌కు ఫోన్ పోయింది, ఆమె ఊరి నుంచి ఆ మండలానికి రాను పోను ఆటో ఖర్చు చీర పంపిన చార్జీ కంటే ఎక్కువైంది. అందుకని పిన్‌కోడ్ ఇచ్చి ఇంటి దాకా ఇస్తారా, ఆఫీసుకు రావాలా అని ముందే అడగండి, ఆ జవాబు కస్టమర్‌కు చెప్పి ఆమె సరేనంటేనే పంపండి. సమ్మె లేని రోజుల్లోనే నెలకు కొన్ని పార్సిళ్లు ఒక కొరియర్‌కు ఇస్తూ ఉంటే అవసరం వచ్చినప్పుడు ముఖం తెలిసినవాళ్లు అవుతారు. ఖర్చు కొంచెం ఎక్కువే గానీ నేను ఇది ఎప్పుడూ మానలేదు.

తెలంగాణ లోపల అయితే ఆర్టీసీ కార్గో చాలా మంచి దారి. 2020లో మొదలుపెట్టారు, మన వైపు పెద్ద బస్టాండ్లలో కౌంటర్లున్నాయి. మహబూబ్‌నగర్‌లో పొద్దున వేస్తే హైదరాబాద్‌కు, నల్లగొండకు తొందరగానే చేరుతుంది, కస్టమర్ బస్టాండుకు వెళ్లి తీసుకోవాలి, అదొక్కటే. అయితే బస్సులకూ సమ్మె వస్తుందని మర్చిపోవద్దు, 2019లో అక్టోబరు 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ సమ్మె నడిచింది, దసరా కూడా అందులోనే పోయింది. సార్వత్రిక సమ్మె రోజైతే పోస్టు, బస్సు రెండూ ఒకేసారి తగ్గే అవకాశం ఉంది. కాబట్టి ఒక్కదాని మీదే మొత్తం ఆధారపడొద్దు.

డబ్బు సంగతి చాలామంది ఆలోచించరు, చిన్న వ్యాపారం దెబ్బతినేది అక్కడే. వీపీపీలో పంపేవాళ్లు ఇంకా ఉన్నారు, కస్టమర్ పార్సిల్ తీసుకుని డబ్బు కడితే అది మనకు తర్వాత మనీఆర్డరుగా వస్తుంది. సమ్మెలో పార్సిల్ ఆగితే డబ్బు కూడా ఆగుతుంది. 1,500 రూపాయల చీరలు ఇరవై అలా బయట ఉన్నాయనుకోండి, 30,000 ఇరుక్కుపోయినట్టే. మగ్గం నేసే మనిషికి చీర దిగగానే కూలి ఇవ్వాలి, పోస్టు సమ్మె అని అతనికి చెప్పలేం కదా, అతని ఇంట్లో బియ్యం సమ్మె చూసి ఆగవు. పెద్ద కంపెనీకి ఇది ఒక మూల లెక్క, మనకు మాత్రం వచ్చే వారం నూలు కొనాలా వద్దా అనేంత లెక్క. అందుకని నోటీసు వచ్చిన రోజు నుంచి వీపీపీ, క్యాష్ ఆన్ డెలివరీ రెండూ ఆపేయండి. ముందు డబ్బు తీసుకోండి, కానీ తీసుకున్న డబ్బును పార్సిల్ చేరేదాకా మీది కాదనుకుని విడిగా పెట్టండి. ఇది చేయనివాళ్లే వాపస్ అడిగినప్పుడు ఫోన్ ఎత్తకుండా తప్పించుకుంటారు, అక్కడి నుంచే ఊరంతా మోసం అనే మాట పుడుతుంది.

పార్సిల్ పోయినా, పాడైనా పోస్టువాళ్లు పూర్తి ధర ఇస్తారని అనుకోవద్దు. స్పీడ్ పోస్టులో పోతే పరిహారం కట్టిన చార్జీకి రెట్టింపు గానీ 1,000 రూపాయలు గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది. మీరు 80 రూపాయలు కట్టి 1,500 చీర పంపితే పరిహారం 160. 2024 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో కూడా నిబంధనల్లో చెప్పినంత వరకే వాళ్ల బాధ్యత. కాబట్టి గద్వాల పట్టులాంటి ఖరీదైనవి ఇన్సూరెన్స్ లేకుండా పంపొద్దు. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది, రిజిస్ట్రేషన్ కావాలంటే, ఓటీపీ చెప్తేనే ఇవ్వాలంటే కొంచెం అదనంగా కట్టాలి. సమ్మె తర్వాత గుట్టలుగా డెలివరీ చేసే రోజుల్లో ఒకరిది ఒకరికి పోతుంటుంది, ఆ ఓటీపీ అప్పుడు బాగా పనికొస్తుంది.

కస్టమర్లకు ఏం చెప్పాలి అని అడిగారు. వాళ్లు అడగక ముందే చెప్పండి. వాయిదా కంటే మౌనమే మనుషులకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. నేను పంపే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది: "అక్కా, ఫలానా తేదీ నుంచి పోస్టల్ సమ్మె ఉండొచ్చు. మీ చీర సిద్ధంగా మా ఇంట్లోనే ఉంది, ఫొటో పెడుతున్నా. సమ్మె అయ్యాక పంపమంటే పంపుతా, బస్సులో వేయమంటే వేస్తా, వద్దంటే ఇవాళే డబ్బులు వాపస్ వేస్తా. ఏది కావాలో చెప్పండి." అంతే. క్షమాపణలు పేరాలకు పేరాలు రాయొద్దు, తేదీ గ్యారంటీ ఇవ్వొద్దు. నా అనుభవంలో ఈ మెసేజ్ అందుకున్నవాళ్లలో డబ్బులు వాపస్ అడిగేవాళ్లు చాలా తక్కువ, ఎందుకంటే అడిగితే వస్తాయని నమ్మకం కుదిరింది కాబట్టి. పెద్దవయసు వాళ్లకైతే మెసేజ్ కాకుండా ఫోన్ చేయండి. ఇంకో పాడు అలవాటు ఉంది, పార్సిల్ ఇంట్లోనే పెట్టుకుని పంపేశామని ట్రాకింగ్ నంబర్ ఒకటి రాసి ఇవ్వడం. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు, ఒక్కళ్లు చేసినా ఇంటి నుంచి అమ్మే ఆడవాళ్లందరి మీదా అనుమానం పడుతుంది.

మార్చుకోవడానికి, వెనక్కి పంపడానికి మీరు వారం గడువు పెట్టి ఉంటే సమ్మె రోజుల్ని అందులోంచి తీసేయండి. చట్టం కూడా కొంచెం తెలిసి ఉండాలి: 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం చెప్పిన టైం దాటి వచ్చిన సరుకును వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు, చేతిలో లేని అనివార్య కారణం వల్ల ఆలస్యమైతే మినహాయింపు ఉంది. సమ్మెను ఆ అనివార్య కారణం అని చెప్పుకోవచ్చని కొందరు అంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా, నోటీసు గురించి తెలిశాక కూడా ఆర్డర్ తీసుకుని, వారంలో వస్తుందని చెప్పి ఉంటే ఆ మినహాయింపు వెనక దాక్కోవడం న్యాయం కాదు. తెలియక ముందు తీసుకున్న ఆర్డర్ అయితే వేరు.

విదేశాల్లో కస్టమర్లు ఉంటే అక్కడి సమ్మెలు కూడా చూసుకోవాలి. కెనడా పోస్టు ఉద్యోగులు 2024 నవంబరు 15 నుంచి నెల రోజులకు పైగా సమ్మె చేశారు, 2025 సెప్టెంబరు చివర్లో మళ్లీ చేశారు. ఇక్కడి నుంచి సరిగ్గానే పోయిన పార్సిల్ అక్కడ దిగాక ఆగుతుంది. అమెరికాది సమ్మె కాదు గానీ దెబ్బ అదే, సుంకాల నియమాలు మారడంతో 2025 ఆగస్టు 25 నుంచి మన పోస్టు అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, బతుకమ్మ, దసరా రెండూ ఆ మధ్యలోనే పోయాయి. పండుగకు పంపేవి రెండు నెలల ముందే పంపడం మంచిది.

పెళ్లి చీరల ఇద్దరి సంగతి. ముహూర్తం తేదీ అడగండి. మూడు వారాల లోపల ఉంటే పోస్టు మాట మర్చిపోండి. హైదరాబాద్, నల్లగొండ, ఇలా మన రాష్ట్రం లోపలే అయితే ఆర్టీసీ కార్గోలో వేసి రసీదు ఫొటో పెట్టండి. వేరే రాష్ట్రమైతే ఇన్సూరెన్స్‌తో కొరియర్, అదనపు ఖర్చు సగం మీరు పెట్టుకోండి. అదీ కుదరకపోతే డబ్బులు అదే రోజు వాపస్ వేసి, హైదరాబాద్‌లో అలాంటి చీర ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి. ముహూర్తం నెల దాటి ఉంటే ఆగవచ్చు.

సమ్మె ముగిసిందని వార్త రాగానే మర్నాడే అన్నీ మోసుకుని పోస్టాఫీసుకు పరిగెత్తొద్దు. పాత గుట్ట కదలాలి, దాని మీద మీవి పడితే ఇంకా కిందికి పోతాయి. మూడు నాలుగు రోజులు ఆగి, అర్జెంటువి ముందు, మిగతావి తర్వాత బుక్ చేయండి. సమ్మెకు ముందు బుక్ చేసినవి ఉంటే ట్రాకింగ్ రోజూ చూడండి. పోస్ట్‌మ్యాన్ మీద ఒత్తిడి ఎక్కువ ఉన్న ఆ రోజుల్లో తలుపు తాళం ఉందని ట్రాకింగ్‌లో పడి వెనక్కి వచ్చేసేవి ఎక్కువ, మామూలుగా ఏడు రోజులు ఉంచి తిప్పి పంపేస్తారు, కాబట్టి పార్సిల్ తన పోస్టాఫీసుకు చేరినట్టు కనిపించగానే కస్టమర్‌కు ఫోన్ చేసి, గుర్తింపు కార్డు తీసుకుని కౌంటర్‌కు వెళ్లి అడగమనండి. పది రోజులైనా ట్రాకింగ్ కదలకపోతే రసీదు నంబర్‌తో ఇండియా పోస్టు వెబ్‌సైట్‌లో గానీ 1800 266 6868కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబర్ కస్టమర్‌కు కూడా పంపండి. రసీదులు పారేయకండి, ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీది అచ్చు కొన్ని నెలలకే మాసిపోతుంది.